కొమ్ముల బంపరు

మా అల్లుడు లోనీకి చేతకాని పని అంటూ లేదు. ఆ మాట వాడే చెప్పుకుంటాడు. పంతొమ్మిదేళ్ళుగా చెప్పుకుంటూనే ఉన్నాడు. నాకు కోళ్ళగూడు కట్టిపెట్టాడు, తలుపు లోపలికి తెరుచుకునేలా. గుడ్లు తీయాలంటే డెబ్భై ఆరేళ్ళ ముసలిదాన్ని మోకాళ్ళ మీద పాకాలి. నా గుమ్మం ముందు సిమెంటు మెట్లు పోశాడు, మూడు మెట్లు మూడు ఎత్తులు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు తప్పకుండా ఒకసారి తూలిపడి, తర్వాతే నన్ను పలకరిస్తారు. అలాంటి మనిషి ఆ ఏడు ఆకులు రాలే కాలంలో, మా డెనీస్ బండికి ఇనప బంపరు కడతానని నడుం బిగించాడు.

డెనీస్ నా కూతురు. పట్నంలో వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయించి, బట్టలు మార్చి, దగ్గర కూర్చుని తినిపించే పని. పొద్దున ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. మా ఇంటికీ పట్నానికీ యాభై రెండు మైళ్ళు. దారి పొడుగునా గోధుమ చేలు, వాగులు, జింకలు. మోంటానా రాష్ట్రంలో ఈ తూర్పు కొసన మనుషుల కంటే జింకలే ఎక్కువ, ఒక్కోసారి బుద్ధి కూడా వాటికే ఎక్కువేమో అనిపిస్తుంది. ఆగస్టు నెలాఖరున ఒక తెల్లవారుజామున, గాడిదకున్నంత చెవులున్న ఆడ జింక ఒకటి గట్టు మీంచి సరాసరి దాని పికప్పు ముందుకి దూకింది. ముందరి మెరుగు బంపరు అట్టపెట్టెలా ముడుచుకుపోయింది. రేడియేటరు పగిలింది. డెనీస్ కనుబొమ మీద ఐదు కుట్లు పడ్డాయి, మోకాలు గుమ్మడికాయంత అయింది.

మూడోరోజు పొద్దున మా వంటింట్లో ఆ మాట వచ్చింది. వాళ్ళుండేది మా వాకిట్లోనే, అరవై అడుగుల అవతల, చక్రాల మీద తెచ్చి దింపిన రేకుల ఇంట్లో. టిఫినుకి మాత్రం నా బల్ల దగ్గరికే వస్తారు.

"కొనడమెందుకు? నేను కడతా," అన్నాడు లోనీ, పాన్‌కేకు మీద సిరప్పు వంపుకుంటూ. "కొన్నవన్నీ సత్తు రేకులు. నేను పావంగుళం ప్లేటుతో కడతా. జింక కాదు, దున్న వచ్చి గుద్దినా దున్నే సారీ చెప్పి పోవాలి."

"ఎప్పటికి?" అంది డెనీస్.

"రెండు వారాలు. మహా అయితే మూడు."

"నవంబరు లోపల అయితే చాలు."

"నవంబరా! నవంబరుకి ఊళ్ళో వాళ్ళంతా నాకూ ఒకటి, నాకూ ఒకటి అని వాకిట్లో వరస కడతారు చూడు."

నేను పొయ్యి వైపు నుంచి ఇటు తిరగలేదు. తిరిగితే నా ముఖం చూసి డెనీస్ నొచ్చుకునేది.

నవంబరు అని అదెందుకు అడిగిందో మాకందరికీ తెలుసు. ఆ నెలలో మగ జింకలు ఆడవాటి వెంటపడి, ఒళ్ళు తెలియకుండా రోడ్డెక్కుతాయి. లైటు చూసి ఆగవు, హారను విని ఆగవు. ఆలోపల పికప్పు ముందు గట్టిదేదైనా ఉండాలి. అప్పటిదాకా డెనీస్ పనికి వెళ్ళేది లోనీ వాళ్ళ చచ్చిపోయిన అమ్మ కారులో. ఆ కారు బాతులాగా నేలకి పొట్ట ఆనించి పోతుంది. దాంతో జింకని గుద్దితే కాళ్ళు మాత్రమే విరుగుతాయి, మిగతా జింకంతా అద్దం పగలగొట్టుకుని ఒళ్ళోకి వచ్చి కూర్చుంటుంది. మా ఎరికలోనే ఇద్దరు అలా పోయారు.

ఇక బంపరు సంగతి.

మా ఆయన ఆర్నే బతికున్నప్పుడు ఈ చుట్టుపక్కల వెల్డింగంటే ఆర్నేనే. ఆయన పోయి నాలుగేళ్ళయినా షెడ్డు అలాగే ఉంది. ట్రెయిలరు మీద ఇంజనుతో నడిచే పెద్ద వెల్డింగు మిషను, టార్పాలిన్ కప్పుకుని మూలన కూర్చుని ఉంది. నలభై ఏళ్ళు నేను ఆయన పక్కన నిలబడి ముక్కలు పట్టుకున్నాను, రాడ్లు అందించాను, ఆయన బయటి పనులకి పోయినప్పుడు ముసుగు తగిలించుకుని పళ్ళగొర్రులు నేనే అతికాను. చదివింది ఎనిమిదో తరగతి. ఇనుము మాత్రం కాస్త చదవడం వచ్చు.

లోనీ ఆ మిషను వైపు కన్నెత్తి చూడలేదు. "అది మ్యూజియంలో పెట్టేది మార్లీస్," అన్నాడు నాతో. పట్నం పోయి, ఇంట్లో గోడ ప్లగ్గుకి గుచ్చుకునే బుల్లి వెల్డింగు పెట్టె ఒకటి తెచ్చుకున్నాడు. ఎర్రగా ముద్దుగా ఉంది, పిల్లల టిఫిను డబ్బాలాగా. దానితో పావంగుళం ప్లేటు అతకడమంటే కొవ్వొత్తి మీద పంది తొడ కాల్చడం.

రేడియేటరు పట్నంలో మార్పించి, బండిని షెడ్డులో పెట్టుకున్నాడు. మొదటి రెండు వారాలూ అట్టతో గడిచాయి. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి బంపరు నమూనా చేశాడు. బండికి తగిలించాడు, పది అడుగులు వెనక్కి నడిచాడు, తల పక్కకి వంచి చూశాడు, మళ్ళీ కోశాడు. వాడి స్నేహితుడు డఫీ ఐసుపెట్టె మీద కూర్చుని, బీరు తాగుతూ సలహాలిచ్చేవాడు. డఫీకి ఉన్న పనల్లా కూర్చోవడం. అది మాత్రం చాలా శ్రద్ధగా చేస్తాడు.

"ఇంకాస్త కోపంగా ఉండాలి," అనేవాడు డఫీ.

"అదే నేనూ అనుకుంటున్నా," అనేవాడు లోనీ.

బంపరుకి కోపమేమిటో నాకు అర్థం కాలేదు. అక్కడ కోపం ఉన్నదల్లా నాకే.

మూడోవారం ఇనుము కోశాడు. ఆర్నే ట్రాక్టరు తొట్టికని దాచుకున్న ప్లేటు. ఒకరోజు కాఫీ ఇచ్చే నెపంతో వెళ్ళి చూద్దును గదా, ముక్కల్ని పక్కపక్కన అంటించి పెట్టి, పైన ఒక్క గీత వెల్డింగు లాగి పోతున్నాడు.

"అంచులు చెక్కలేదేం?" అన్నాను.

"ఏం చెక్కాలి?"

"మందపాటి ప్లేటుకి అంచులు వాలుగా అరగదీసి, మధ్యన గోరు దూరేంత సందు వదిలి, అడుగు నుంచి నింపుకుంటూ రావాలి. ఇలా పైపైన పెడితే లోపల పట్టదు లోనీ. రొట్టె మీద వెన్న రాసినట్టు ఉంటుంది."

"వీడియోలో ఆయన ఇలాగే చేశాడు."

"అయితే పొద్దున్నే ఆయన్నే వచ్చి బండి నడపమను."

డఫీ నవ్వబోయి, లోనీ ముఖం చూసి బీరు తాగాడు.

అంతటితో ఆగాడా అంటే లేదు. మర్నాటి నుంచి గ్రైండరు పట్టుకున్నాడు. ఉన్న కాస్త అతుకునీ నున్నగా, ప్లేటుతో సమంగా అరగదీసేశాడు. వెల్డింగు అన్నాక అలలు అలలుగా పైకి ఉబ్బి ఉండాలి. ఆ ఉబ్బే దాని బలం. ఆర్నే వేసిన అతుకు చూస్తే నాణేలు వరసగా పేర్చినట్టుండేది, దాన్ని వేలితో తడిమి చూసుకునేవాడు. వీడు ఆ బలాన్నంతా నిప్పురవ్వలు చేసి గాలికి వదిలేశాడు. పైన లప్పం పూశాడు. గరుకు కాగితంతో రుద్దాడు. వేలు పెట్టి చూస్తే పసిపిల్ల బుగ్గలాగా ఉంది.

"చూశావా మార్లీస్, అతుకనేది ఎక్కడన్నా కనపడుతోందా? పనితనమంటే అదీ."

"ఆర్నే అతుకులు కనపడేవి."

"ఆర్నే గేట్లు కట్టేవాడు. ఇది బండికి ముఖం."

ముఖమట. ఆ ముఖానికి నగలు కూడా చేయించాడు. ముందు తాడు చుట్టుకుని లాగే మోటారు, వించ్ అంటారే, అది బిగించాడు. వాడు పుట్టాక బండిని తారురోడ్డు దింపింది లేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా లైట్ల పట్టీ పెట్టాడు. అన్నిటికీ మించి, ప్లేటులోంచి ఎల్క్ దుప్పి తలని, పెద్ద పెద్ద కొమ్ములతో సహా కోసి, పైన నిలబెట్టాడు. ఆ కొమ్ములు రెండూ సరిగ్గా హెడ్‌లైట్ల ముందుకి వచ్చాయి. మొదటిసారి లైట్లు వేసి చూపించిన సాయంత్రం మా షెడ్డు గోడ మీద గుర్రమంత కొమ్ముల నీడ లేచింది. కోళ్ళు అరుచుకుంటూ గూట్లోకి పోయాయి.

"దారంతా ఆ నీడ ముందు పరిగెడుతుంటే నేను రోడ్డు ఎలా చూడాలి?" అని అడిగింది డెనీస్. ఒళ్ళో టిఫిను సంచీ, ఇంకా బూట్లు విప్పలేదు.

"జింకలే చూసి భయపడి పారిపోతాయి. అదే కిటుకు!"

అది వంగి బూటు తాడు విప్పుకుంటూ, "ఎప్పుడవుతుంది?" అని మాత్రం అంది.

"రంగు ఆరాలి."

అప్పటికి అక్టోబరు సగం గడిచింది. రంగు ఆరే లోపల డెనీస్ రెండుసార్లు తప్పించుకుంది. రెండోసారి ఇంటికి వచ్చినప్పుడు బాతు కారు పక్క అద్దానికి జింక వెంట్రుకలు గుప్పెడు అతుక్కుని ఉన్నాయి. వాటిని పీకి, గాలిలో వదిలి, లోపలికి వచ్చి చేతులు కడుక్కుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి రాయాలి. రాయకుండా దాటేద్దామనుకున్నాను గాని కుదరలేదు.

రంగు వేశాక ఒక మధ్యాహ్నం, బంపరుని జాకీ మీద ఎత్తబోతూ లోనీ ఒక మూల కింద పడేశాడు. వాడు తిట్టుకుంటూ రాళ్ళు వెతకడానికి పోయినప్పుడు నేను వంగి చూశాను. బంపరు వెనక రెండు చెవుల్లాంటి ముక్కలుంటాయి, వాటినే ఛాసీకి, అంటే బండి అడుగు చట్రానికి, బోల్టులతో బిగిస్తారు. ఎడమ చెవి దగ్గర రంగులో వెంట్రుకంత చీలిక. గోరు పెడితే గోరు దిగింది. లోనీ తిరిగి రాగానే చూపించాను.

"రంగు చీలింది. అంతే," అన్నాడు.

"కింద ఇనుము చీలింది."

"నీకు నేనేం చేసినా పనికిరాదు మార్లీస్. నేను బంగారంతో కట్టినా ఆర్నే ఇత్తడితో ఇంతకంటే బాగా కట్టేవాడంటావు."

"అనేదాన్ని. అది నిజం కాబట్టి."

వాడు దాని మీద ఇంత లప్పం అద్ది, రంగు పూసి, ఈల వేసుకుంటూ పోయాడు. నేను ఇంట్లోకి వచ్చి బంగాళాదుంపలు చెక్కు తీశాను. సాయంత్రం డెనీస్ వచ్చింది, మోకాలు పట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆ రోజు ఎవరో ముసలాయన తన పెళ్ళాం అనుకుని చెయ్యి వదల్లేదని చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. చీలిక సంగతి చెప్పలేదు.

వేట మొదలయ్యే శనివారం మా ఊరి ఫైరింజను హాల్లో విందు ఉంటుంది. మగాళ్ళు పొద్దున్నే అడవి మీద పడి, మధ్యాహ్నానికి బురద బూట్లతో వచ్చి, వేట మాంసం కూరా మొక్కజొన్న రొట్టే తింటారు. ఆడవాళ్ళం ఆపిల్ పైలు పంచుతాం. తిన్నాక మగాళ్ళంతా బయటికి పోయి ఒకరి బండి ఒకరు తన్ని చూసుకుంటారు, చక్రాన్నో బంపరునో. పశువుల సంతలో పళ్ళు చూసినట్టు. లోనీకి కావలసిందల్లా ఆ తన్నులే. రెండు నెలలు అందుకే చెక్కాడు.

ఆ ముందురోజు వాన పడింది. మా నేల సంగతి తెలిసిందే, తడిస్తే జిగురు. బూటు పెడితే బూటు ఉంటుంది, కాలే వస్తుంది. లోనీ మాత్రం గట్టి రాళ్ళ మీద, అందరికీ కనపడేలా హాలు గుమ్మం ఎదుటే బండి పెట్టాడు. నల్లగా నిగనిగలాడుతూ కొమ్ములు పైకెత్తుకుని నిలబడింది. జనం చుట్టూ మూగారు. నిజం చెప్పాలంటే మెచ్చుకున్నారు కూడా.

"అతుకు ఎక్కడరా లోనీ?"

"వెతుక్కో."

"సోమవారం నుంచి డెనీస్ దీన్నే తీసుకుపోతుందా?"

"సోమవారం నుంచి," అన్నాడు లోనీ, మెడ సాచి. డెనీస్ పక్కనే ఉంది. మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. పాపం, ఆ పూట దానికి కాస్త తేలిగ్గా ఉన్నట్టుంది.

సరిగ్గా అప్పుడే పాస్టరు గారి చిన్న కారు హాలు పక్క గుంటలోకి జారింది. ఆయన ఒళ్ళో చిక్కుళ్ళ గిన్నె పట్టుకుని ఒక చేత్తో నడుపుతున్నాడట. చక్రాలు తిరుగుతున్నాయి, కారు కూరుకుపోతోంది.

"ఎవరూ కదలకండి!" అని అరిచాడు లోనీ. ఆ గొంతు విని అందరూ నిజంగానే కదలకుండా నిలబడ్డారు. వాడు బండిని గుంటకి ఎదురుగా తిప్పి, ఇనప తాడు లాక్కెళ్ళి, బురదలో పడుకుని పాస్టరు కారుకి కొక్కెం తగిలించి, చేతిలో బటన్ల డబ్బా పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. డఫీ జనాన్ని పక్కకి నెట్టాడు, జీవితంలో మొదటిసారి నిలబడి చేసిన పని. లోనీ బటను నొక్కాడు.

వించ్ మూలిగింది. తాడు బిగిసింది. కారు కదల్లేదు. పికప్పు కదల్లేదు. తర్వాత పొడి కొమ్మ విరిగినట్టు చిన్న చప్పుడు, మళ్ళీ ఇంకోటి.

బంపరు బయలుదేరింది.

కొమ్ములతో, లైట్లతో, నిగనిగలాడే రంగుతో, బంపరు మొత్తం ఛాసీ మీంచి ఊడి, దబ్బున బురదలో పడి, తన తాడు తానే చుట్టుకుంటూ పాస్టరు గారి కారు దగ్గరికి పాక్కుంటూ పోయింది. లోనీ వేలు ఇంకా బటను మీదే ఉంది. కరెంటు తీగలు తెగేదాకా, అంటే ఒక మనిషి పొడుగు దూరం, ఆ కొమ్ములు బురద దున్నుకుంటూ నడిచాయి. చెవులు రెండూ మాత్రం బండికే బోల్టులతో వేలాడుతున్నాయి.

"బాగానే లాగుతోంది లోనీ," అన్నాడు వెనక నుంచి ఎవడో. "బండే వెనకబడింది!"

హాలు హాలంతా నవ్వింది. పాస్టరు గారు చిక్కుళ్ళ గిన్నె కావలించుకుని కారులోనే నవ్వుతున్నాడు. అందరికంటే ముందు నవ్వింది నేను. అందరి తర్వాత ఆపింది కూడా నేనే. రెండు నెలలుగా నా కడుపులో పెంచుకున్న నవ్వు అది.

డెనీస్ నవ్వలేదు. అలాగే బురదలోకి నడిచి వెళ్ళి, బంపరు దగ్గర గొంతుక్కూర్చుని, విరిగిన అంచుని చొక్కా చేతితో తుడిచింది. నేనున్న చోటికే కనపడింది. ఆ అంచు కత్తిరించిన రోజు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా ఉంది. వెల్డింగు లోపలికి గోరంత కూడా దిగలేదు. దాని మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరికి రాసింది. తర్వాత తలెత్తింది. చూసింది లోనీని కాదు, నన్ను.

మర్నాడు ఆదివారం పొద్దున వంటింట్లోకి వచ్చింది. చేతిలో చిన్న పెట్టె ఉంది.

"నీకు ముందే తెలుసా అమ్మా?"

"వాడికి రెండుసార్లు చెప్పాను."

"నాకు?"

నేను పొయ్యి మీద కాఫీ చూసుకున్నాను. కాఫీలో చూడడానికేముంది!

"ఇవాళ చెబుదామనుకున్నా," అన్నాను.

"ఇవాళ. అంటే నిన్న జనం నవ్వాక."

"డెనీస్..."

"నువ్వు ఎదురుచూసింది దానికోసమే కదా. రేపు పొద్దున నేను దాని వెనకే కూర్చునేదాన్ని."

"కూర్చోనిచ్చేదాన్నా?"

"ఏమో," అంది. కోపంగా అంటే బాగుండేది. అది ఆశ్రమంలో ముసలివాళ్ళ దగ్గర మాట్లాడే మెత్తటి గొంతుతో అంది. "నాతో పనిచేసే రోండా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందట. నవంబరు అక్కడే ఉంటా. మీరిద్దరూ కలిసి బండికి బంపరు కట్టండి. ఆయన ఒక్కడూ కాదు. నువ్వు ఒక్కదానివీ కాదు. నాన్న చేసినట్టు ముక్క వంచి చూసి కట్టండి. అయ్యాక ఫోను చెయ్యి."

లోనీ మెట్ల మీద నిలబడి విన్నాడు, ఆ మూడు ఎత్తుల మెట్ల మీద. దానికి దారి ఇవ్వబోయి తూలాడు. నాకు నవ్వు రాలేదు.

టార్పాలిన్ తీశాం. ఇంజను స్టార్టు కావడానికి ఒక పూట పట్టింది. ఎలకలు పెట్టిన గూడు తీసి, కొత్త బ్యాటరీ పెట్టాక, నాలుగేళ్ళ దుమ్మంతా మా ముఖాన దగ్గి లేచింది. ప్లేటు జోలికి పోలేదు. చమురు బావుల్లో వాడి పారేసిన పైపు షెడ్డు వెనక బోలెడు పడి ఉంది. మా దగ్గర కంచెలూ గేట్లూ అన్నీ దాంతోనే కడతారు. చూడ్డానికి అందమేమీ ఉండదు, చావడం మాత్రం ఎరగదు.

ఆర్నేకి ఒక అలవాటుండేది. ఏ పని మొదలుపెట్టినా ముందు రెండు చిన్న ముక్కలు అతికి, బల్ల అంచున ఇనప దవడలాంటి వైసులో బిగించి, సుత్తితో వంచి చూసేవాడు. వంగితే పని మొదలు. విరిగితే ఆ ముక్కలు బకెట్లో పడేసి మళ్ళీ మొదటి నుంచి. నేను కూర్చోవడానికి డఫీ ఐసుపెట్టె లాక్కుని, లోనీ చేతికి ముసుగిచ్చాను. నా చేతులు ఇప్పుడు రాడ్డు నిలకడగా పట్టలేవు. లేకపోతే వాడి చేతికి ఇచ్చేదాన్ని కాదు.

మొదటి ముక్క ఒక్క దెబ్బకి విరిగింది. రెండోది వైసులో పెడుతుండగానే విరిగింది.

"తొందరెందుకు? తరుముకొస్తున్నారా ఎవరైనా?"

"నువ్వే తరుముతున్నావు."

"రాడ్డు దగ్గరగా పట్టు. చప్పుడు విను. పెనం మీద పంది కొవ్వు వేగినట్టుండాలి. నీది పిల్లి తుమ్మినట్టుంది."

"మార్లీస్, నోరు మూసుకుని చెప్పలేవా?"

"నోరు మూసుకుని ఎలా చెప్పాలో నీ వీడియో ఆయన్నడుగు."

బకెట్లో పదిహేడు ముక్కలు పడ్డాయి. నేను ప్రతిదాన్నీ లోపల పడేటప్పుడు లెక్కపెట్టాను, పైకి వినపడేలా. పద్దెనిమిదోది వైసులో బిగించి కొట్టాడు. వంగింది. ఇంకా కొట్టాడు. గుర్రపు నాడాలాగా వంగింది గాని అతుకు విచ్చుకోలేదు. లోనీ ముసుగు పైకెత్తి నా వైపు చూశాడు. చెమటతో ముఖమంతా మసి చారలు. బడిలో పలక చూపించే పిల్లాడి చూపు. ఒక మంచి మాట అంటానేమోనని చూస్తున్నాడు.

మంచి మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. "పద, అసలు పని మొదలుపెట్టు," అన్నాను.

పంతొమ్మిదేళ్ళలో వాడికి నేను ఏదైనా నేర్పిద్దామని కూర్చున్నది అదే మొదటిసారి. ఆ సంగతి అప్పుడు తట్టలేదు, ఇప్పుడు రాస్తుంటే తడుతోంది. అయితే ఏం, నేర్చుకునేవాడు అడగాలి కదా అని కూడా తడుతోంది.

పన్నెండు రోజులు పట్టింది. అడ్డంగా రెండు పైపులు, నిలువుగా నాలుగు, వెనక ఛాసీకి బలంగా పట్టిన రెండు చెవులు. రంగు లేదు. కొమ్ములు లేవు. అతుకులన్నీ నాణేలు పేర్చినట్టు కాకపోయినా, నాణేలు ఒలికినట్టు ఉన్నాయి. ఉబ్బినవి ఉబ్బినట్టే వదిలేశాం. లోనీ ఒకసారి గ్రైండరు వైపు చెయ్యి చాచాడు. నేను చూశాను. చెయ్యి తీసేశాడు.

నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ ముందు ఆదివారం డెనీస్ వచ్చింది, మిట్టమధ్యాహ్నం, రోండా తన కారులో దింపి పోతే. కుట్ల గుర్తు తెల్లబడింది. ముఖం నిద్రపోయిన ముఖంలా ఉంది. చాలా ఏళ్ళ తర్వాత దాని ముఖం అలా చూశాను. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. షెడ్డులోకి పోయి ఆర్నే పెద్ద సుత్తి తెచ్చింది. నన్నూ అడగలేదు, మొగుణ్ణీ అడగలేదు. ఒక్కో అతుకు దగ్గర కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, భుజం దాకా ఎత్తి కొట్టింది. పదిహేను అతుకులు, పదిహేను దెబ్బలు. పైపు గంటలాగా మోగింది. కోళ్ళు మళ్ళీ గూట్లోకి పోయాయి. ఎక్కడా ఏమీ చీలలేదు.

లోనీ గట్టిగా ఊపిరి వదిలాడు. నేను కూడా వదిలాననుకుంటా.

"తాళాలు," అంది డెనీస్.

లోనీ ఇచ్చాడు. "హమ్మయ్య! ఇక రేపటి నుంచి భయం లేదు. రాత్రికి నీ సామాను తెచ్చేసుకుందామా?"

అది సుత్తిని గోడకి ఆనించి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంది.

"రోండా ఇంటి నుంచి పనికి ఏడు నిమిషాల నడక," అంది. "ఐదున్నరకి లేస్తే చాలు."

"మరి బంపరు..." అన్నాడు లోనీ.

"చాలా బాగుంది," అంది డెనీస్, నిజంగానే. వాడి బుగ్గ మీద ముద్దు పెట్టింది, నా బుగ్గ మీద కూడా. బండెక్కి, వాకిట్లోంచి తిప్పుకుని పోయింది. ఆ గది వసంతం దాకా అంది. వసంతం వచ్చాక ఇంకో ఏడాది అంది.

ఇప్పుడు ప్రతి ఆదివారం వస్తుంది, బాగా పొద్దెక్కాక, పొద్దుండగానే వెళ్ళిపోతుంది. తతిమ్మా రోజులు పికప్పు పట్నంలో రోండా వాకిట్లో ఉంటుంది. ఈ జిల్లాలో అంత గట్టి బంపరు ఇంకోటి లేదు. ఇప్పటిదాకా దాని మీద ఒక్క గీత పడలేదు. ఆశ్రమం దగ్గర మా ఊరివాడెవడో దాన్ని తన్ని చూసి ఎవరు కట్టారని అడిగితే, "మా అమ్మా, మా ఆయనా కలిసి," అందట. "ఆ ఇద్దరూ కలిసే?" అని వాడు పగలబడి నవ్వాడట.

కొమ్ముల బంపరు షెడ్డు గోడకి ఆనించి ఉంది. నా ఎర్ర పెట్ట ఒకటి వించ్ తొట్టిలో గుడ్లు పెడుతోంది. లోనీ కట్టిన గూటికంటే అదే నయం, పాకకుండా తీసుకోవచ్చు.

లోనీకి వంట రాదు. చేతకాని పని లేదన్నాను గాని, అదొకటి మర్చిపోయాను. రోజూ సాయంత్రం ఆరింటికి మూడు ఎత్తుల మెట్లెక్కి వచ్చి, నా బల్ల దగ్గర కూర్చుంటాడు. డెనీస్ కుర్చీ మా ఇద్దరి మధ్యన ఉంటుంది, దాంట్లో వాడూ కూర్చోడు, నేనూ కూర్చోను. వాడు నమిలే చప్పుడు నాకు గిట్టదు. నా వంట వాడికి గిట్టదు. లేచి పోవడానికి ఇద్దరికీ ఇంకో బల్ల లేదు.

"మాంసం గట్టిగా ఉంది మార్లీస్," అన్నాడు మొన్న.

"నీ అతుకుల కంటే గట్టిదేలే," అన్నాను. "తిను."